మందు పనిచేయకముందే ముగిసే పోస్టింగు: మానసిక వైద్య విభాగంలో రెండు వారాలు

పాలమూరు ప్రాంతంలోని ఒక ప్రభుత్వ బోధనాసుపత్రిలో హౌస్‌సర్జన్‌గా నేను చేసిన మానసిక వైద్య విభాగం పోస్టింగు గురించి, పీజీలో ఈ శాఖ తీసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న జూనియర్ల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను. ఎంబీబీఎస్‌లో ఈ శాఖకు విడిగా పరీక్ష లేదు, జనరల్ మెడిసిన్ పేపరులోనే కొన్ని ప్రశ్నలు వస్తాయి. అందువల్ల చాలామందికి దీనితో అసలైన పరిచయం ఇంటర్న్‌షిప్‌లోని ఈ రెండు వారాల్లోనే కలుగుతుంది.

నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఓపీ నేను చూడలేదు. మూడో రోజున ఒక నడివయసు రైతును ఆయన భార్య, అన్న చెరోవైపు పట్టుకుని తీసుకువచ్చారు. ఆయన తన లుంగీ మీద లేని చీమలను రెండు వేళ్లతో ఏరి, ఎంతో జాగ్రత్తగా పక్కన పడేస్తున్నారు. "గాలి సోకిందన్నరు సారూ, తాయత్తు కట్టిచ్చినం, తగ్గలే" అన్నది ఆమె. నేను స్కిజోఫ్రీనియా అని రాయబోతుండగా మా అసిస్టెంట్ ప్రొఫెసర్ మేడమ్ ఒక్కటే అడిగారు: "కల్లు ఎన్నడు బంద్ చేసిండమ్మా?" మూడు రోజులైందట. ఈ ప్రాంతంలో కొన్నిచోట్ల కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్ వంటి మత్తుమందులు కలుపుతారు కాబట్టి, ఏళ్లుగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, మూర్ఛలు రావడం, లేనివి కనిపించడం జరుగుతుంది. ఈరోజు ఏ వారమో, తాను ఎక్కడున్నాడో ఆయన చెప్పలేకపోయారు. డెలీరియం, అంటే శరీరంలోని కారణం వల్ల హఠాత్తుగా మతి గందరగోళమయ్యే స్థితి అని తేల్చి, షుగర్, సోడియం చూసి, వెంటనే వార్డులో చేర్చుకుని, కల్లులో కలిపే ఆ మందుల కోవకే చెందిన లోరాజిపామ్‌ను రోజురోజుకూ తగ్గిస్తూ, బి1 విటమిన్ అయిన థయమిన్‌తో పాటు ఇచ్చాము. ఐదో రోజు ఉదయం ఆయనే నా పేరు అడిగారు. ఈ శాఖకు వెళితే నేర్చుకున్న మెడిసిన్ అంతా మరిచిపోతామనేవారు ఇటువంటి ఒక్క కేసు చూస్తే చాలు.

లోపాలు కూడా చెప్పాలి. ఓపీ అంతా ఒకే గది, తలుపు తెరిచే ఉంటుంది, తరువాతి రోగి ముందున్నవారి భుజం పక్కనే నిలబడతారు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి తలుపు వైపు చూసి, తలనొప్పి అని మాత్రమే చెప్పి ఊరుకున్నది. రికార్డుల గదిలోకి రెండు కుర్చీలు మార్చి కూర్చున్నాకే అసలు బాధ చెప్పింది. రోగి గోప్యతను 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం హక్కుగా గుర్తించింది. కనీసం ఒక కర్టెన్ అయినా కట్టించాలని నా గట్టి అభిప్రాయం.

అయితే అన్నింటికన్నా పెద్ద లోపం వ్యవధి. డిప్రెషన్‌కు ఇచ్చే ఎస్సిటలోప్రామ్ వంటి మందుల ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి వారంలో మందు మొదలుపెట్టిన ఒక అక్క, నా పోస్టింగు చివరి రోజున కూడా "ఏం ఫరక్ లేదు సారూ" అని నిద్రలేని కళ్లతోనే చెప్పి వెళ్లింది. ఈ శాఖలో ఎవరికీ నయం కాదని నా తోటివారు అనుకోవడానికి కారణం నాకప్పుడు అర్థమైంది. మనం రోగం చూస్తాం, గుణం కనిపించేనాటికి మరో వార్డులో ఉంటాం. ఐదో వారంలో, సర్జరీ డ్యూటీ మధ్య తీరిక చేసుకుని వెళ్లి చూస్తే, ఆమె తలదువ్వుకుని, జడలో పూలు పెట్టుకుని, పత్తి ఏరడానికి కూలీలు దొరకడం లేదని పక్కామెతో గట్టిగా మాట్లాడుతున్నది. ఎండీ సైకియాట్రీ మూడేళ్లు చదవాలని నేను నిశ్చయించుకున్నది ఆ మధ్యాహ్నమే.

వలస కారణంగా ముంబయి, పుణె వెళ్లిపోయే రోగులు మధ్యలో మందులు ఆపేస్తుంటారు. వారి చీటీల మీద మేడమ్ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 స్వయంగా రాసి ఇచ్చేవారు. ఈ పోస్టింగుకు వెళ్లేవారు మొదటి వారంలోనే ముగ్గురు రోగులను ఎంచుకుని, చీటీ మీది రివ్యూ తేదీలను తమ డైరీలో కూడా రాసుకుని, ఆ రోజున ఏ విభాగంలో ఉన్నా సరే వెళ్లి కలవాలి.