ఆటోనగర్ అలైన్‌మెంట్ షాపు: ముందు చక్రం ఊపి చూశారు, తర్వాతే మిషన్ ఎక్కించారు

మాది కడియం దగ్గర నర్సరీ. వారానికి రెండుసార్లు, సీజన్‌లో అయితే మూడుసార్లు కూడా మొక్కల లోడుతో కడియపులంక నుంచి విజయవాడ వెళ్లొచ్చే బండి ఉంది, ఇసుజు డీ-మ్యాక్స్ సింగిల్ క్యాబ్. కిందటేడు ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించాను. 12,000 కిలోమీటర్లు కూడా తిరక్కుండానే రెండింటికీ లోపలి అంచు నున్నగా అరిగిపోయింది, ఎడమ టైరుకైతే మరీ. బయట నిలబడి చూస్తే గాడులు నిండుగా ఉన్నాయి కాబట్టి మాకెవరికీ అనుమానం రాలేదు. పంక్చర్ వేసే అబ్బాయి చక్రం విప్పి లోపలివైపు తిప్పి చూపించాడు, ఒకచోట దారాలు బయటపడి ఉన్నాయి. ముందురోజు రాత్రే ఆ టైర్లతో, నిండు లోడుతో, హైవే మీద తణుకు, ఏలూరు దాటి వెళ్లొచ్చాం. తలుచుకుంటే ఇప్పటికీ భయంగానే ఉంటుంది.

అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయడం, చేయించలేదా అంటే చేయించాను, ఒకటి కాదు రెండుసార్లు, మా దగ్గర్లోని ఒక షాపులో. రెండుసార్లూ బండిని మిషన్ ఎక్కించారు, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్ తిప్పారు, స్క్రీన్ మీద అంకె పచ్చరంగులోకి రాగానే దించేశారు. ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. కింద దూరి ఒక్క జాయింట్ కూడా పట్టుకుని చూడలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీ కమాను కట్టలు చేసేవాళ్ల వీధి చివర ఒక అలైన్‌మెంట్ షాపు ఉంది, మా దగ్గర మొక్కలు కొనే ఆయన చెబితే వెళ్లాను. కొత్త టైర్లు వేసి అలైన్‌మెంట్ చేయమన్నాను. మేస్త్రి పాత టైరు మీద అరచేత్తో అటూ ఇటూ రాసి, నా చెయ్యి కూడా పెట్టించాడు. ఒకవైపు రాస్తే నున్నగా ఉంది, ఎదురు రాస్తే రంపం పళ్లలా గుచ్చుకుంటోంది. "ఇది గాలి తక్కువై అరిగింది కాదండీ, చక్రం పక్కకి ఈడుస్తోంది. ఎందుకు ఈడుస్తోందో చూడకుండా కొత్త టైర్లు వేస్తే అవి కూడా తినేస్తుందండీ" అన్నాడు.

తర్వాత జాకీ పెట్టి ముందు భాగం లేపాడు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు, తర్వాత పక్కల పట్టుకుని ఊపాడు. ఎడమవైపు కింద నుంచి టక్ టక్‌మని వినిపించింది. మా డ్రైవర్‌ని బ్రేకు తొక్కి ఉంచమని మళ్లీ ఊపాడు, ఆ ఊపు చక్రం బేరింగ్ వదులై వచ్చేదైతే బ్రేకు తొక్కితే తగ్గిపోతుందట. తగ్గలేదు. చక్రం కిందివైపు తిరిగే కీలు, అదే లోయర్ బాల్ జాయింట్, పోయింది, దాంతోపాటు రెండు టై రాడ్ ఎండ్‌లూ వదులయ్యాయి.

నన్ను ఒప్పించింది ఆ తర్వాత చేసిన పని. పార్టులు మార్చకుండానే బండిని మిషన్ ఎక్కించాడు. అంకెలు దాదాపు పచ్చగానే ఉన్నాయి! అప్పుడు ఒక కుర్రాణ్ని రెండు ముందు చక్రాల మధ్య కూర్చోబెట్టి, వాటి ముందు అంచులను బయటికి నెట్టమన్నాడు. అంకె ఒక్కసారిగా ఎర్రగా మారి, ముందు అంచులు మొత్తం 6 మిల్లీమీటర్లు బయటికి తెరుచుకున్నట్టు చూపించింది. వెనక చక్రాలు తోసే బండిలో రోడ్డు రాపిడి ముందు చక్రాలను ఎప్పుడూ వెనక్కి నెడుతూ, బయటికి తెరుచుకునేలా చేస్తుంది. జాయింట్లు గట్టిగా ఉంటే ఆ తోపుకి పెద్దగా కదలవు. వదులుగా ఉంటే నిలబడినప్పుడు ఒక అంకె, పరిగెత్తేటప్పుడు ఇంకో అంకె. రెండుసార్లు నేను డబ్బు కట్టింది నిలబడిన బండి అంకెకే.

ఇంటికొచ్చాక లెక్క వేశాను. టైరు ఎత్తు సుమారు 700 మిల్లీమీటర్లు. మొత్తం 6 మిల్లీమీటర్ల తేడా అంటే ఒక్కో చక్రానికి 3. కిలోమీటరు నడిస్తే ఒక్కో టైరు నాలుగు మీటర్లకు పైగా పక్కకు రాసుకుంటూ పోయినట్టు. ఇక్కడి నుంచి విజయవాడ 150 కిలోమీటర్లు అనుకున్నా వెళ్లే దారిలోనే 600 మీటర్ల పైమాటే. రబ్బరు ఎలా మిగులుతుంది?

పార్టులు మార్చాక కూడా నేరుగా టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, పట్టలేదు. మొదట నాలుగు టైర్లకూ గాలి సరిచేశారు, వెనక కమాను కట్టలను యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ-బోల్టులు బిగువుగా ఉన్నాయో లేదో చూశారు, ఎందుకంటే వెనక యాక్సిల్ కాస్త పక్కకు జరిగినా బండి అడ్డంగా నడుస్తుంది, ముందు ఎంత సరిచేసినా స్టీరింగ్ వంకరగానే ఉంటుంది. తర్వాత లోయర్ ఆర్మ్ దగ్గరి బోల్టులతో క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వాలడం), క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు ముందుకో వెనక్కో వాలడం) సరిచేసి, స్టీరింగ్‌ను నిటారుగా లాక్ చేసి, చివరన టో. క్యాంబర్, క్యాస్టర్ కదిపితే టో కూడా మారుతుంది కాబట్టి టో ఎప్పుడూ ఆఖరునే పట్టాలట. ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత వచ్చింది అని రెండు రీడింగులూ కాగితం మీద తీసి ఇచ్చారు.

ఇంకో మాట అడిగాడు, ఇంతవరకు నన్నెవరూ అడగనిది: "లోడు ఎలా వేస్తారండీ?" తడి మట్టి కుండీలు దించడానికి సులువని వెనక డోరు దగ్గరే పేర్చేవాళ్లం. వెనక యాక్సిల్ దాటి బరువు పడితే బండి ముక్కు పైకి లేస్తుంది, ముందు చక్రాల కోణం మారిపోతుంది, స్టీరింగ్ తేలికవుతుంది. బరువు కుండీలు క్యాబిన్ వైపు వేయమన్నాడు. ఆ రోజు నుంచి అలాగే వేస్తున్నాం, రావులపాలెం బ్రిడ్జి మీద గాలికి బండి ఊగడం కూడా తగ్గింది.

అలైన్‌మెంట్‌కి 900 తీసుకున్నారు, మా దగ్గరి షాపు కంటే 400 ఎక్కువ. పార్టులు, కూలీ కలిపి ఇంకో 6,500 అయింది. జత టైర్ల ధరతో పోలిస్తే నాకు అది ఎక్కువ అనిపించలేదు. కానీ లోపాలు కూడా చెప్పాలి. ఉదయం 10కి వెళ్తే సాయంత్రం 4 అయింది, కూర్చోవడానికి నీడ లేదు, ఎండలో మిగిలిన మొక్కలు కొన్ని వాడిపోయాయి. బాల్ జాయింట్ ప్రెస్ చేయడానికి పక్క షాపుకి పంపారు, దానికి విడిగా డబ్బు కట్టాలని ముందు చెప్పలేదు, అడిగితే బిల్లు మాత్రం రాసిచ్చారు.

ఇప్పటికి 9,000 కిలోమీటర్లు తిరిగింది. ప్రతి నెలా స్టీరింగ్ పూర్తిగా తిప్పి పెట్టి, టైరు లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడుచోట్లా గాడి లోతు కొలుస్తున్నాను. మొన్న కొలిస్తే ఎడమ టైరుకి మూడుచోట్లా ఒకటే వచ్చింది, కుడి టైరుకి లోపల అర మిల్లీమీటరు తక్కువ ఉంది. వచ్చే ట్రిప్పులో దాన్ని మళ్లీ చూపించాలి, ఈసారి మొక్కలన్నీ దించేశాకే వెళ్తాను. మీరు వెళ్లేటట్టయితే ఖాళీ బండితో, షాపు తీసే వేళకే వెళ్లండి, పాత టైర్లు పారేయకుండా వెంట తీసుకెళ్లండి.