ఇటుకల గోతిలో కప్పల కాపురం: సిడ్నీ ఒలింపిక్ పార్క్

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే సిడ్నీలో మనవాళ్లు తిప్పే చోట్లు దాదాపు ఒకటే: ఒపెరా హౌస్, బాండై బీచ్, హెలెన్స్‌బర్గ్ వెంకన్న గుడి. వాటికి తోడు ఒలింపిక్ పార్క్ కూడా పెట్టుకోండి. స్టేడియం కోసం కాదు, దాని చుట్టూ ఉన్న చిత్తడి నేలల కోసం.

2000 ఒలింపిక్స్ రాకముందు ఇక్కడ ఉన్నవి కబేళా, ఇటుకల ఫ్యాక్టరీ, నౌకాదళం మందుగుండు డిపో, చెత్త దిబ్బలు. ఇప్పుడు పచ్చగా కనిపించే గుట్టల్లో కొన్ని ఆ చెత్తే, పైన మట్టి కప్పారంతే.

మేం కాంకర్డ్ వెస్ట్ స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ బైసెంటెన్నియల్ పార్క్‌కు వెళ్లాం. అక్కడి మడ అడవిలో చెక్కబాట చదునుగా ఉంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా హాయిగా నడిచింది. కోరింగ చూసినవాళ్లకు ఈ అడవి చిన్నదే. పక్షులు కావాలంటే ఇక్కడి వేసవిలో, సముద్రం పోటు మీదున్నప్పుడు వాటర్‌బర్డ్ రెఫ్యూజ్ అనే నీటిపక్షుల మడుగు దగ్గర ఉండాలి. బురద మేటలు మునిగిపోతే అలాస్కా నుంచి వచ్చిన గాడ్‌విట్ అనే వలస పక్షులు అక్కడికి చేరి ఒంటికాలి మీద కునుకు తీస్తాయి. దోమల మందు మాత్రం మరిచిపోవద్దు.

ఫొటోల్లో అందరూ చూసేది ఎయిర్‌ఫీల్డ్ (Ayrfield) అనే పాత ఓడ. 1911లో కట్టిన బొగ్గు ఓడ, 1972లో తుక్కు కింద విప్పడానికి పార్క్ పక్కనున్న హోంబుష్ బే అఖాతానికి తెచ్చారు. ఇప్పుడు దాని పొట్టలోంచి మడచెట్లు లేచాయి. బాగుంది, కానీ ఒడ్డు నుంచి పది నిమిషాలు చూస్తే చాలు. ఇదే నీళ్లకు అవతల రోడ్స్ అనే పేటలో యూనియన్ కార్బైడ్ కలుపు మందుల ఫ్యాక్టరీ ఉండేది. దాని నుంచి డయాక్సిన్ అనే విషం అడుగు మట్టిలోకి చేరింది, ఇక్కడి చేపలు తినొద్దంటారు. ఆ పేరు వినగానే నాన్న, "భోపాల్ వాళ్లేనా?" అన్నారు. వాళ్లే.

అసలు తీరిగ్గా చూడాల్సింది బ్రిక్‌పిట్. 1911 నుంచి ఇటుకల కోసం తవ్విన పెద్ద గొయ్యి అది. పని ఆగిపోయి నీళ్లు నిలిచాక, 1992లో అందులో అంతరించిపోతున్న ఆకుపచ్చ, బంగారు రంగుల కప్ప కనిపించింది. అక్కడ కట్టాలనుకున్న టెన్నిస్ సెంటర్‌ను వేరేచోటికి మార్చారు. గొయ్యి మీద 18.5 మీటర్ల ఎత్తున, 550 మీటర్ల చుట్టుకొలతతో గుండ్రటి నడకదారి వేశారు. కిందికి ఎవర్నీ దిగనివ్వరు. అంచుల్లో పలుగు గాట్లలా మట్టి పొరలు, అడుగున నీళ్లు, గుబుర్లుగా తుంగ. ఆ నీళ్లు ఊరికే నిల్వ ఉండవు, శుద్ధి చేసి తోటలకూ టాయిలెట్లకూ పంపుతారు.

"కప్పల కోసం కోర్టు మార్చేశారా!" అని నాన్న నమ్మలేదు. అమ్మ మాత్రం, "వానల్లేకపోతే మనం కప్పకు పెళ్లి చెయ్యట్లేదూ?" అంది. కప్ప ఒక్కటీ కంటపడలేదు. అయినా డబ్బులడగని ఈ చోటుకే నా మొదటి ఓటు.

బసకు స్టేడియం పక్కన హోటళ్లు చాలానే ఉన్నాయి. కానీ కచేరీ ఉన్న రాత్రి రేట్లు మండిపోతాయి, గోల కూడా. మేం దిగినచోట అర్ధరాత్రి దాకా కిటికీ కింద జనమే. పరమటాలో ఉంటే నయం. రాత్రి భోజనానికి మన హోటళ్లుండే హారిస్ పార్క్ పేట దగ్గరే, దోశ దొరుకుతుంది. ఒలింపిక్ పార్క్ రైలుకు లిడ్‌కమ్‌లో మారాలి. పెద్దవాళ్లుంటే ఒక వైపైనా ఫెర్రీ ఎక్కించండి, నది మీదుగా ఒపెరా హౌస్ పక్కనున్న సర్క్యులర్ కీ రేవు దాకా కూర్చునే వెళ్లొచ్చు.