పుట్టకొక్కులు కొనేవారికి హెచ్చరిక: వేరు కోసేసిన కుప్పలు తీసుకోవద్దు

పెద్ద వానలు పడి కాస్త తెరిపిచ్చాక ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి దారుల వెంట పుట్టకొక్కులు, అంటే చెదపుట్టల్లో మొలిచే తినే పుట్టగొడుగులు, అమ్మకానికి వస్తాయని ఇక్కడి తెలుగువారికి చెప్పనక్కరలేదు. ఈ వానాకాలం రాయగడ సమీపంలోని ఒక సంతలో మాకు అమ్మిన కుప్పలో వాటితో పాటు విషపు కుక్కగొడుగులు కూడా కలిసి ఉన్నాయి. కూర తిన్న రెండు గంటలకే ఇంట్లో ముగ్గురికి వాంతులు, విరేచనాలు పట్టుకోవడంతో ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించవలసి వచ్చింది.

వండకుండా మిగిలినవాటిని తిరగేసి చూస్తే, పైన పేర్చినవి అసలైన పుట్టకొక్కులే. అడుగున ఉన్నవాటికి మాత్రం తెల్లని గొడుగు మీద గోధుమరంగు పొలుసులు, కింది రేకల్లో బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు కనిపించాయి. గడ్డినేలల్లో మొలిచే క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషపు జాతి లక్షణాలివి. లేతగా ఉన్నప్పుడు దాని రేకలూ తెల్లగానే ఉంటాయి కాబట్టి కుప్పలో కలిపేస్తే పోల్చుకోవడం కష్టం.

పుట్టకొక్కు, చెదలు పుట్టలోపల పెంచే బూజు నుంచి పైకి వస్తుంది. అందుకే దాని కాడ భూమిలోకి వేరులాగా పొడవుగా దిగి ఉంటుంది, గొడుగు నడినెత్తిన మొన తేలి ఉంటుంది. ప్రాణాంతకమైన అమానిటా అనే పుట్టగొడుగు జాతులకు కాడ మొదట్లో సంచిలాంటి పొర ఉంటుంది. మాకు అమ్మిన వ్యాపారి మట్టి లేకుండా శుభ్రం చేశామంటూ కాడలన్నీ సగానికి కోసేశాడు. అంటే, మనం చూసి తేల్చుకోవలసిన భాగమే కుప్పలో లేదు. తరువాత అడిగితే తానూ కొనే అమ్ముతున్నానన్నాడు. నా ఉద్దేశంలో తప్పు అడవిలో ఏరి తెచ్చే ఆడవాళ్లది కాదు, వారికి ఒక్కో పుట్టా తెలుసు. నలుగురి దగ్గర కొన్నవి ఒకే బుట్టలో కుమ్మరించే మధ్యవారిది.

గొడుగును తెల్లకాగితం మీద బోర్లించి గిన్నె మూసి రాత్రంతా ఉంచితే, పుట్టకొక్కు నుంచి లేత గులాబీ పొడి రాలుతుంది. ఆకుపచ్చ పొడి గాని తెల్లపొడి గాని రాలితే పారేయండి. గులాబీ పొడి రాలే విషపు జాతులూ ఉన్నాయి కనుక ఈ ఒక్క పరీక్షనే నమ్ముకోవద్దు. వెండి చెంచా నల్లబడటం, పురుగు కొరికి ఉండటం వంటి గుర్తులకు అసలు విలువే లేదు.

మాకు త్వరగా వాంతులు కావడం ఒకరకంగా అదృష్టమే. అమానిటాలోని విషం సాధారణంగా ఆరు గంటలు దాటాకే బయటపడుతుంది, ఉడికించినా పోదు. వాంతులు తగ్గి మనిషి తేరుకున్నట్టు కనిపిస్తున్న సమయంలోనే కాలేయం దెబ్బతింటూ ఉంటుంది. కనుక పుట్టగొడుగుల కూర తిన్న తరువాత వాంతులు ఎంత ఆలస్యంగా మొదలైతే అంత తొందరగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. వండనివి మిగిలి ఉంటే ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి. ఆ కూర తిన్నవారందరినీ, ఏ బాధా లేనివారితో సహా, డాక్టరుకు చూపించండి.