ఉచ్చ ఆగని పిల్లలకు గడియారమా, మాత్రా, బొటాక్స్ సూదా?

మా అప్ప కూతురికి ఎనిమిదేళ్లు. ఆమదాలవలస దగ్గర పల్లె వాళ్లది. తొక్కుడుబిళ్ల ఆడుతూ ఆడుతూ ఉన్నట్టుండి ఆగిపోయి, ఒక మడమ మీద బరువంతా వేసి గొంతుక్కూర్చునేది. కాలు నొప్పేమో అనుకున్నాం. ఉచ్చ ఆపుకోవడానికి పిల్లలు సొంతంగా కనిపెట్టుకునే ఉపాయం అదేనని విశాఖపట్నంలో యూరాలజీ డాక్టరు చెప్పేదాకా మాకు తెలియదు. అప్పటికే రోజుకి పది పన్నెండు సార్లు వెళ్లేది, వారంలో రెండు మూడు రోజులు తడి గౌనుతో బడి నుంచి వచ్చేది. వాళ్ల నాన్నమ్మ మాత్రం "ఆట యావ, లేవడానికి బద్ధకం" అని తీర్పు ఇచ్చేసింది.

మా జిల్లాలో ఉచ్చలో ఏ తేడా వచ్చినా ముందు ఉద్దానం కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరవాల్సి వచ్చిన ప్రాంతం మాది, ఆ భయం ఊరికే రాలేదు. కానీ ఉద్దానం జబ్బు ఎక్కువగా పనిచేసే వయసు పెద్దవాళ్లకు వస్తుంది, అదీ చడీచప్పుడు లేకుండా. మా పాపది అది కాదు. మూత్రాశయం నిండకముందే దాని కండరం తనంతట తాను బిగుసుకుంటోంది. దాన్నే ఓవర్‌యాక్టివ్ బ్లాడర్ అంటారు.

ఈలోగా బంధువు ఒకాయన ఫోన్ చేసి, దీనికి బొటాక్స్ ఇంజెక్షన్ ఉందట, ఒక్కసారితో పోతుందట అన్నాడు. అప్ప నాకు ఫోన్ చేసింది. "ఏటే, మొహం ముడతలకి ఏసే సూదిట, గుంటకి ఏస్తారంటే నమ్మమంటావా?" అని. అప్పటినుంచి నేను డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇది.

ఏది మేలో తేల్చేముందు ఒక సంగతి తేలాలి. బిడ్డకు నరాల లోపం ఉందా, లేదా? పుట్టుకతో వెన్నుపూస సరిగా మూసుకోని స్పైనా బిఫిడా పిల్లలకు మెదడుకూ మూత్రాశయానికీ మధ్య కబురు సరిగా నడవదు. వాళ్ల సంగతి వేరు. మా పాపకు నడుము కింద గుంటగానీ వెంట్రుకల కుచ్చుగానీ లేవు, నడక బాగుంది, స్కాన్ బాగుంది. ఇలాంటి పిల్లలకు మొదటి మందు గడియారమే.

వినడానికి చప్పగా ఉంటుంది. రెండున్నర గంటలకోసారి, వచ్చినా రాకపోయినా, వెళ్లి కూర్చోవాలి. నీళ్లు పొద్దున్నుంచే కొంచెం కొంచెంగా తాగాలి. టీ మానాలి (మా ఊళ్లో మూడేళ్ల పిల్లలకు కూడా గ్లాసులో టీ పోసి బిస్కెట్ ముంచి పెడతారు, అదీ ఒక కారణమే). రెండు రోజులు మిల్లీలీటర్ల గీతలున్న మగ్గుతో కొలిచి రాసుకోమన్నారు. లెక్క తేలికే. వయసుకి ఒకటి కలిపి 30తో గుణిస్తే మూత్రాశయం పట్టాల్సిన మిల్లీలీటర్లు వస్తాయి. ఎనిమిదేళ్లకి 270. మా పాప మగ్గులో 100 దాటింది ఒక్కసారే.

అయితే అసలు దొంగ వేరేచోట దొరికాడు. పాప మూడు రోజులకోసారి దొడ్డికి వెళ్తోంది. పెద్దపేగు చివర గట్టిపడ్డ మలం పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది, నరాల్ని చికాకుపెడుతుంది. నీళ్లలో కలిపి తాగే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఇచ్చారు. పొద్దున్నే చోడి అంబలి తాగాక పది నిమిషాలు కూర్చోబెట్టమన్నారు. రెండు నెలల్లో తడి గౌను వారానికి ఒకసారికి దిగింది, ఇంకా ఏ ఉచ్చ మాత్రా వేయకుండానే.

బడి సంగతి చెప్పకపోతే అన్యాయం. పాప అక్కడ బాత్రూంకి వెళ్లదు, వెళ్లినా సగం కూర్చుని సగం లేచి కానిస్తుంది. తలుపుకి గడియ లేదు, నేలంతా తడి. అలా వంగి నిలబడితే కింది కండరాలు వదులుకావు, ఉచ్చ పూర్తిగా పోదు. ఇలాంటి బాత్రూంకి వెళ్లాల్సి వస్తుందని ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్లే తాగరు, చిక్కబడ్డ ఉచ్చ మళ్లీ మూత్రాశయాన్ని రేపుతుంది. నీళ్లు తాగమని బళ్లో కొట్టే వాటర్ బెల్ మంచిదే, కానీ దానితోపాటు ఒక గడియ కూడా బిగిస్తే మందుల ఖర్చు కొంత తగ్గేదేమో! మా అప్ప వెళ్లి క్లాస్ టీచరుతో మాట్లాడింది. అడగకుండా వెళ్లే అనుమతి వచ్చింది.

గడియారం, పొడి మూడు నాలుగు నెలలు గట్టిగా వాడినా లొంగకపోతే మాత్రలు. ఆక్సీబ్యుటినిన్, టోల్టెరోడిన్, సోలిఫెనాసిన్ అన్నీ ఒకే జాతి. కండరాన్ని బిగించే అసిటైల్‌కోలిన్ సంకేతాన్ని అడ్డుకుంటాయి. పనిచేస్తాయి, కానీ నోరు ఎండిపోతుంది, మొహం ఎర్రబడుతుంది, చెమట తగ్గుతుంది. శ్రీకాకుళం మే నెలలో చెమట పట్టని పిల్లను ఎండలోకి పంపితే వడదెబ్బే. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఈ మాత్రలు మలబద్ధకం తెస్తాయి, అంటే అసలు దొంగనే మళ్లీ ఇంట్లోకి పిలవడం. అందుకే పేగు సంగతి చూడకుండా ముందుగా మాత్ర మొదలుపెట్టడం నాకు తలకిందుల పనిలా కనిపిస్తుంది. మిరాబెగ్రాన్ దారి వేరు, నోరు ఎండడం తక్కువ. బీపీ చూస్తుండాలి, మాత్రను నలిపి ఇవ్వకూడదు. నడుము కింద ప్యాడ్లు అంటించి సన్నగా కరెంటు ఇచ్చే టెన్స్ పద్ధతి కూడా ఉంది. నొప్పి లేదు, కానీ నెలల తరబడి కూర్చోబెట్టే ఓపిక ఉన్న ఇంటికే.

ఇక సూది. బొటాక్స్‌లో ఉండే బొటులినమ్ టాక్సిన్ నరం చివరనుంచి అసిటైల్‌కోలిన్ బయటికి రాకుండా ఆపేస్తుంది, కండరం సడలుతుంది. మూత్రనాళం గుండా సన్నని కెమెరా గొట్టం పంపి మూత్రాశయం గోడలో దాదాపు 20 చోట్ల కొంచెం కొంచెంగా వేస్తారు. చిన్నపిల్లలకైతే మత్తు ఇవ్వాల్సిందే. ఒక్కసారితో పోదు, కొన్ని నెలలకు ప్రభావం దిగిపోతుంది, మళ్లీ ఆపరేషన్ థియేటర్, మళ్లీ మత్తు. రెండు విడతల మధ్య కనీసం 12 వారాలు ఉండాలి. మూత్రంలో ఇన్ఫెక్షన్ రావడం మామూలే. అరుదుగా మందు వేరేచోటికి పాకి మింగడం, ఊపిరి కష్టం కావచ్చు, అలాంటప్పుడు ఆలస్యం చేయకూడదు.

నన్ను ఆపింది వీటన్నిటికంటే వేరే సంగతి. కండరం మరీ సడలితే ఉచ్చ బయటికి రాదు. అప్పుడు గొట్టం పెట్టి రోజుకు నాలుగైదు సార్లు తీయాలి, ఆ సడలింపు తగ్గేదాకా. గడియ లేని బడి బాత్రూంలో ఎనిమిదేళ్ల పాప ఆ పని చేస్తుందా?

2021 ఫిబ్రవరిలో అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ ఈ సూదిని 5 ఏళ్లు నిండిన పిల్లలకు అనుమతించింది. అదీ నరాల లోపం వల్ల మూత్రాశయం బిగుసుకుంటూ, మాత్రలు పనిచేయనివాళ్లకి, పడనివాళ్లకి. మా పాపలాంటి పిల్లల కోసం కాదు. అన్నీ అయిపోయాక కొందరు నిపుణులు వీళ్లకూ వేస్తారు, అది చివరి మెట్టు.

విజయనగరం వైపు మా దూరపు చుట్టాల బాబు కథ దీనికి పూర్తిగా తిరగబడుతుంది. స్పైనా బిఫిడా. అతని తల్లి ఎప్పటినుంచో మూడు నాలుగు గంటలకోసారి గొట్టంతోనే తీస్తోంది, కాబట్టి సూది వల్ల ఉచ్చ ఆగిపోతుందన్న భయం అక్కడ లేనే లేదు. భయమంతా లోపలి ఒత్తిడితో. మూత్రాశయంలో ఒత్తిడి 40 సెంటీమీటర్ల నీటిమట్టం దాటి అలాగే ఉంటే ఉచ్చ వెనక్కి తన్ని కిడ్నీలను పాడుచేస్తుంది. మాత్రలకు బాబు నోరు ఎండి అన్నం మానేశాడు. 25 కిలోల బరువుకి, కిలోకి 6 యూనిట్ల చొప్పున 150 యూనిట్లు వేశారు (34 కిలోలు, ఆపైన ఉంటే 200). యూనిట్లు ఒక బ్రాండువి ఇంకో బ్రాండుకి సరిపోవు, ఆ పేరు డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోవడం వాళ్లు మర్చిపోలేదు. ఇప్పుడు గొట్టం గొట్టానికీ మధ్య పొడిగా ఉంటున్నాడు. అతనికి సూదే మేలు, నేనైనా అదే ఎంచుకుంటాను.

ఏ దారి పట్టేముందైనా మూత్రపరీక్ష, స్కాన్, పోశాక లోపల ఎంత మిగిలిందో కొలత, ఈ మూడూ అడగండి. బిడ్డ దాహంతో గడగడా నీళ్లు తాగుతూ బరువు తగ్గుతుంటే ముందు షుగర్ చూడాలి, ఆ రోజే. పగలంతా పొడిగా ఉండి రాత్రి మాత్రమే పక్క తడిపితే అది వేరే లెక్క, దానికి ఈ సూదితో పనిలేదు.

అప్ప మొన్న కొలతల నోటుబుక్కు పంపింది. ఆదివారం ఒకచోట 210 ఉంది. పక్కనే నాన్నమ్మ చేతిరాత, "పెళ్లికెళ్లాం, రెండు టీలు తాగింది, నాదే తప్పు".