మెయిల్‌కౌ ఏళ్ల తరబడి వాడాక: వచ్చేవి బానే వస్తాయ్, వెళ్లేవాటితోనే పేచీ

మా ఆడిటర్ ఆఫీసు మెయిల్ మొత్తం మేమే అద్దెకి తీసుకున్న వీపీఎస్ (వర్చువల్ సర్వర్) మీద, మెయిల్‌కౌ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌తోనే నడుస్తోంది, పెట్టి ఏళ్లయింది. ఇన్‌స్టాలేషన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, డాకర్ (సాఫ్ట్‌వేర్లని కంటైనర్లలో నడిపే టూల్) తెలిసినోళ్లకి ఒక పూట పని. ర్యామ్ 6 జీబీ ఉండాలంటారు, నిజంగానే తింటది, క్లామ్ఏవీ అనే వైరస్ స్కానర్‌ని ఆపేస్తే కాస్త తగ్గుద్ది. ఇన్‌కమింగ్‌కి వంక పెట్టడానికి లేదు, స్పామ్‌ని అందులోని ఆర్‌స్పామ్‌డీ ఫిల్టర్ బానే పట్టేస్తది.

గొడవంతా అవుట్‌గోయింగ్‌దే. ఇందులో మెయిల్ పంపేది పోస్ట్‌ఫిక్స్, 1998 నాటి నుంచి ఉన్న సాఫ్ట్‌వేర్, దాంట్లో నాకు నచ్చేదేంటంటే ఏదీ దాచదు. లాగ్ (సర్వర్ రాసుకునే చిట్టా) తెరిస్తే డిఫర్డ్ (వాయిదా పడింది) అనో బౌన్స్‌డ్ (తిరిగొచ్చింది) అనో ఉంటది, పక్కనే అవతలి సర్వర్ ఏమందో ఆ మాట ఉన్నదున్నట్టు ఉంటది. ఆ జవాబులో కోడ్ 4తో మొదలైతే తాత్కాలికం, 5 రోజుల దాకా మళ్లీ మళ్లీ ట్రై చేస్తది, 5తో మొదలైతే ఇక తిరిగొచ్చేసినట్టే. మా స్టాఫ్ "సెంట్‌లో ఉంది కద సార్" అంటారు, సెంట్‌లో ఉందంటే మన సర్వర్ తీసుకుందని మాత్రమే అర్థం, అవతలికి చేరిందో లేదో లాగ్ చూస్తేనే తెలుస్తది. జీఎస్‌టీ రిటర్నుల టైంలో ఈ మాట ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలీదు.

ఎవరికి పంపినా 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అని వస్తోందంటే డీఎన్‌ఎస్ రికార్డులు (మన డొమైన్ వివరాలుండేవి) కెలకొద్దు, వీపీఎస్ వాళ్లు బయటికెళ్లే పోర్ట్ 25 మూసేసి ఉంటారు, చాలామంది డిఫాల్ట్‌గానే మూస్తారు, టికెట్ పెట్టి అడిగితే కొందరు తీస్తారు. పోర్ట్ 587 పనిచేస్తోందిగా అని వాదిస్తారు కొందరు, అది మన ఫోన్ నుంచి మన సర్వర్‌కి, సర్వర్ నుంచి సర్వర్‌కి మాత్రం 25 మీదే వెళ్లాలి.

దీనికంటే చిరాకు కొత్త రకం ఐపీ అడ్రస్ ఐపీవీ6ది (పాత రకం ఐపీవీ4). ఒక మెయిల్ వెళ్తది, అదే మనిషికి పంపిన ఇంకోటి బౌన్స్ అవుద్ది. ఎందుకంటే పోస్ట్‌ఫిక్స్ డిఫాల్ట్‌గా ఐపీవీ4, ఐపీవీ6లో ఏదో ఒకటి పట్టుకుని వెళ్లిపోద్ది, మనమేమో పీటీఆర్ రికార్డు (ఐపీని బట్టి సర్వర్ పేరు చెప్పేది) ఐపీవీ4కే పెట్టుంటాం, పీటీఆర్ లేని అడ్రస్ నుంచొస్తే జీమెయిల్ తీసుకోదు. ఐపీవీ6కి కూడా పీటీఆర్ పెట్టాలి, లేదా పోస్ట్‌ఫిక్స్‌ని ఐపీవీ4కే పరిమితం చెయ్యాలి, ఆ లైను ఎక్స్‌ట్రా డాట్ సీఎఫ్ ఫైల్లో రాస్తే అప్‌డేట్‌కి చెరిగిపోదు. ఇంకోటి, పీటీఆర్ పెట్టేది డొమైన్ కొన్న చోట కాదండీ, ఐపీ ఇచ్చిన వీపీఎస్ వాళ్ల ప్యానెల్లో.

ఎస్‌పీఎఫ్ (మన డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పేది), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ రెండూ తప్పితే ఏం చెయ్యాలో చెప్పేది) మూడూ పెట్టుకోవాల్సిందే, 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఒకటైనా లేకుండా కుదరట్లేదు. మెయిల్‌కౌలో డీఎన్‌ఎస్ చెక్ పేజీ ఉంది, ఏది ఎలా ఉండాలో, ఇప్పుడెలా ఉందో పక్కపక్కనే చూపిస్తది, ఆ ఒక్క పేజీ కోసమే దీన్ని వాడొచ్చు అనిపిస్తది నాకు.

ఇవన్నీ పచ్చగా ఉన్నా ఒక పెద్ద మెయిల్ కంపెనీ మాత్రం మా మెయిల్స్ తీసుకోదు, మా ఐపీ ఉన్న రేంజ్ మొత్తాన్నే బ్లాక్ చేసిందట, పక్క ఐపీలోళ్లు ఏం చేశారో ఏమో. ఫారం నింపితే రెడీమేడ్ జవాబొస్తది, కొన్నాళ్లు ఓకే, మళ్లీ మామూలే. చివరికి ఆ డొమైన్లకెళ్లేవి మాత్రం ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్ (ఏ డొమైన్‌కి ఏ దారిలో పంపాలో చెప్పే పట్టిక) పెట్టి, డబ్బులు కట్టే రిలే సర్వీసు (మన తరఫున మెయిల్ పంపే సర్వర్) మీదుగా పంపిస్తున్నా, అదైతే గట్టిగానే నిలబడింది. తిరకాసేంటంటే కొందరు క్లయింట్ల సొంత డొమైన్లు కూడా ఆ కంపెనీ దగ్గరే ఉంటాయ్, పేరు చూస్తే తెలీదు, ఎంఎక్స్ రికార్డు (డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పేది) చూసి ఒక్కోటీ కలుపుకుంటూ పోవాలి. రిలే వాళ్ల సర్వర్లని ఇన్‌క్లూడ్ అనే మాటతో ఎస్‌పీఎఫ్‌లో కలిపేటప్పుడు డీఎన్‌ఎస్ లుకప్‌లు (వెతుకులాటలు) 10 దాటకుండా చూస్కోండి, దాటితే మొత్తం ఎస్‌పీఎఫ్ ఫెయిలే.

మెయిల్‌కౌకి నేను 5కి 4 ఇస్తా, ఆ తగ్గించిన ఒకటీ ర్యామ్‌కే, అవుట్‌గోయింగ్ తిప్పలకి దీన్ని అనలేం. వీపీఎస్ తీసుకునే ముందు మాత్రం పోర్ట్ 25 తీస్తారా, పీటీఆర్ పెట్టుకోనిస్తారా అని అడగండి, ఐపీ చేతికి రాగానే స్పామ్‌హాస్ (స్పామ్ పంపే ఐపీల బ్లాక్‌లిస్ట్)లో కొట్టి చూడండి, లిస్టులో ఉంటే ఇన్‌స్టాల్ మొదలెట్టకుండానే వేరే ఐపీ అడిగేయండి.