తాపీ పని తెలిసినవారికి వ్యాపారం లెక్క: పన్నెండు ఆదివారాల కోర్సుపై సమీక్ష

తొమ్మిదేళ్లపాటు ఇతరుల సైట్లలో సూపర్‌వైజరుగా పనిచేశాక, సొంతంగా ఇళ్లు ఒప్పుకుని కట్టాలని నిర్ణయించుకున్నాను. దానికి ముందు విజయవాడలోని ఒక శిక్షణ కేంద్రంలో నిర్మాణ వ్యాపార నిర్వహణ కోర్సులో చేరాను. పన్నెండు ఆదివారాలు, ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు తరగతులు. రుసుము 18,000 రూపాయలు. ఇలాంటి కోర్సులు ఇప్పుడు చాలా పట్టణాల్లో నడుస్తున్నాయి కనుక, కేంద్రం పేరు కంటే అక్కడ ఏం చెప్పారన్నదే చదివేవారికి ఉపయోగమని భావించి పేరు రాయడం లేదు. కోర్సు ముగిశాక ఒక ఇల్లు పూర్తిచేసి అప్పగించాను కాబట్టి, విన్నదాంట్లో సైటులో ఏది నిలబడిందో ఇప్పుడు చెప్పగలను.

ఈ కోర్సులో అత్యుత్తమమైనవి మూడు నుంచి ఆరో వారం వరకు జరిగిన తరగతులు. పదవీ విరమణ చేసిన ఒక ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు గారు వాటిని చెప్పారు. ఆయన లాభం గురించి మాట్లాడే ముందు, డబ్బు ఏ వారం వస్తుంది, ఏ వారం పోతుంది అన్న పట్టికను మా చేత గీయించారు. చదరపు అడుగుకు 1,800 రూపాయల చొప్పున 1,500 చదరపు అడుగుల ఇల్లు ఒప్పుకున్నామనుకుంటే మొత్తం 27,00,000; పది శాతం మిగిలినా లాభం 2,70,000. అయితే యజమాని బేస్‌మెంటు పూర్తయ్యాక ఒక విడత, స్లాబు పోశాక మరో విడత ఇస్తానంటే, ఆ రెండింటి మధ్య ఇనుము, సిమెంటు, కంకర, సెంట్రింగు (స్లాబు పోయడానికి కింద నిలిపే పలకలు, ఆధారాలు) అద్దె, ప్రతి శనివారం ఇవ్వాల్సిన కూలి అన్నీ మన చేతి నుంచే పోతాయి. ఆ ఉదాహరణలో స్లాబు రోజు వచ్చేసరికి మేము బయట పెట్టిన సొమ్ము, అందిన సొమ్ము కంటే నాలుగు లక్షలకు పైగా ఎక్కువైంది. కాగితం మీద లాభం కనిపిస్తున్న పనిలో మేస్త్రీలు కూలి కోసం ఎదురుచూడాల్సి రావడం నేను ఎన్నో సైట్లలో చూశాను. దాని కారణం నాకు ఆ రోజే స్పష్టంగా అర్థమైంది.

దానికి ఆయన చెప్పిన మార్గం చాలా సరళం. స్లాబు విడతను రెండుగా విడగొట్టి, సెంట్రింగు పూర్తయి కడ్డీ కట్టిన రోజున సగం, కాంక్రీటు పోసిన మరునాడు మిగతా సగం అందేలా ఒప్పందంలోనే రాసుకోవాలి. నా మొదటి ఇంటికి అలాగే రాసుకున్నాను. యజమాని మొదట సందేహించినా, కట్టిన కడ్డీని తన కళ్లతో చూసి డబ్బు ఇవ్వవచ్చని వివరించాక అంగీకరించారు.

నాణ్యతకూ డబ్బుకూ ఉన్న ముడిని కూడా ఆయన చక్కగా విప్పిచెప్పారు. కాంక్రీటు పనికి భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటు వాడినప్పుడు, గోడ నుంచి గోడకు 4.5 మీటర్ల లోపు ఉన్న స్లాబు కింది ఆధారాలను కనీసం 7 రోజులు, అంతకు మించిన వాటికి 14 రోజులు ఉంచాలి. మన ప్రాంతంలో ఎక్కువగా వాడే పీపీసీ (ఫ్లైయాష్ వంటివి కలిసిన) సిమెంటు నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కనుక ఇంకా ఓపిక పట్టాలి. అద్దె పెరుగుతుందని ముందే విప్పేసే కాంట్రాక్టరు, అసలు అంచనాలోనే ఆ రోజులను లెక్కవేయలేదన్నమాట. కడ్డీ తూకం విషయంలోనూ ఇదే పద్ధతి పాటించారు: మిల్లీమీటర్లలో కడ్డీ వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది కాబట్టి, 12 మీటర్ల పొడవున్న 12 మిల్లీమీటర్ల కడ్డీ 10.66 కిలోల దగ్గర తూగాలి. లారీ దిగినప్పుడల్లా నాలుగు కడ్డీలు తూయించడం నాకు ఇప్పుడు అలవాటు.

ఒప్పంద పత్రం మీద ఒక పూర్తి రోజు కేటాయించడం మరో మంచి విషయం. చదరపు అడుగు అంటే స్లాబు కొలతా, ప్లింతు (పునాది పైన ఇంటి అడుగు భాగం) కొలతా. బాల్కనీ, సంపు, ప్రహరీ అందులో కలుస్తాయా లేదా. ఎక్‌స్ట్రా పనికి సంతకం ఎప్పుడు తీసుకోవాలి అన్నవి వాక్యం వాక్యంగా రాయించారు. నా సైటులో బేస్‌మెంటును అడుగున్నర పెంచమని యజమాని కోరినప్పుడు, పని మొదలుపెట్టకముందే ఆ ఎక్‌స్ట్రా కాగితం మీద సంతకం చేయించుకున్నాను. చివరి బిల్లు రోజున మా మధ్య ఒక్క మాట కూడా పెరగలేదు.

లోపాలు కూడా ఉన్నాయి, వాటిలో పెద్దది జీఎస్టీ. మెటీరియల్‌తో కలిపి ఇల్లు ఒప్పుకుంటే పన్ను 18 శాతం. అపార్టుమెంటుగా కాక విడిగా కట్టే ఒక్క ఇంటికి కేవలం కూలి పని ఒప్పుకుంటే మినహాయింపు ఉంది. సేవలకు వార్షిక టర్నోవరు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అంటే వాళ్లు చెప్పిన 27 లక్షల ఉదాహరణే ఆ పరిమితిని దాటిపోతుంది, ఒప్పందంలో పన్ను అదనమని రాయకపోతే దాని భారం కాంట్రాక్టరు మీదే పడుతుంది. సిమెంటు, ఇనుముపై కట్టిన పన్నును మినహాయించుకోవచ్చు గానీ, అందుకు ప్రతి కొనుగోలుకూ సరైన బిల్లు ఉండాలి. ఇంత ముఖ్యమైన అంశానికి అరగంట ఇచ్చారు. నేను విడిగా ఒక ఆడిటరు దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సి వచ్చింది. పైగా మాకిచ్చిన అంచనా ఫైలులో సిమెంటు పన్ను ఇంకా 28 శాతంగానే ఉంది. అది 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. నేను చూపించాక సరిచేశారు, అది మెచ్చుకోదగినదే.

ప్రభుత్వ పనుల మీద ఆశతో చేరేవారికి ఈ కోర్సు చాలదు. ఐదో క్లాసు నుంచి స్పెషల్ క్లాసు వరకు కాంట్రాక్టరు రిజిస్ట్రేషన్, ఈఎండీ (టెండరుతో కట్టే ధరావతు), ఎం-బుక్ (పని కొలతల పుస్తకం), పార్టు బిల్లులు (పని మధ్యలో పెట్టే బిల్లులు) అన్నీ ఒక్క పూటలో ముగించారు. లోగో, సోషల్ మీడియా పేజీలకు మాత్రం రెండు ఆదివారాలు తీసుకున్నారు. ఆ సమయం పన్నుకు ఇచ్చి ఉంటే ఎంతో మేలు జరిగేది.

నన్ను నిజంగా బాధించింది భద్రత. పన్నెండు వారాల్లో దానికి దక్కింది ఒక గంట. రెండో అంతస్తు సెంట్రింగు మీద చెప్పులతో నడిచే కూలీ పడిపోతే ఆ కుటుంబానికి ఏమవుతుందో సైటులో ఉన్నవారందరికీ తెలుసు. కార్మికుల సంక్షేమ నిధికి నిర్మాణ వ్యయంలో 1 శాతం సెస్సు కట్టాలని చెప్పారు గానీ, ఆ నిధి నుంచి సాయం అందాలంటే మన దగ్గర పనిచేసేవారు కార్మిక సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేయించుకోవాలని, వారి చేత ఆ పని చేయించే బాధ్యత మనం తీసుకోవాలని ఎవరూ చెప్పలేదు. పరంజా కట్టే విధానం, బెల్టు, హెల్మెటు, సైటు విద్యుత్తు తీగలు, ఇవన్నీ చేతులతో చేయించి చూపాల్సిన పాఠాలు. దీనికి ఒక పూర్తి ఆదివారం ఇవ్వాలని కేంద్రానికి లిఖితపూర్వకంగా కోరాను.

సైటు అనుభవం ఉండి, అంచనా, ఒప్పందం, డబ్బు రాకపోకల లెక్కలో బలహీనంగా ఉన్నవారికి ఈ రుసుము న్యాయమైనదే. కొత్తగా డిప్లొమా ముగించినవారు మాత్రం కనీసం ఒక ఇల్లు పునాది నుంచి గృహప్రవేశం వరకు దగ్గరుండి చూశాక చేరడం మంచిది, లేకపోతే ఆ పట్టికలోని వారాలు వారికి అంకెలుగానే కనిపిస్తాయి. ఎక్కడ చేరినా, డబ్బు కట్టే ముందు మీ సొంత అంచనాను అధ్యాపకుడు వరుసవరుసగా దిద్ది ఇస్తారా అని అడగండి. మా బ్యాచ్‌లో ఆ ఇంజినీరు గారు అందరివీ దిద్దారు. నా అంచనాలో సెంట్రింగు అద్దె పన్నెండు రోజులు తక్కువ వేశానని ఎర్ర సిరాతో రాసి ఇచ్చిన ఆ కాగితం ఇప్పటికీ నా సైటు ఫైలులో మొదటి పేజీగా ఉంది.