రెండో బ్యాటరీ పెట్టించుకున్న పాపానికి

అర్ధరాత్రి రెండింటికి, మా బండి వెనక తగిలించుకున్న కారవాన్‌లో ఫ్రిజ్ కీచుమనడం మొదలుపెట్టింది. బ్యాటరీ వోల్టేజి పడిపోయి తనంతట తానే ఆగిపోయిందన్నమాట. ఆ రోజు ఐదు గంటలు బండి నడిపాం. "అంతసేపు ఇంజిన్ తిరిగితే నిండలేదా?" అని మా ఆవిడ నిద్రకళ్ళతో అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

కారవాన్ కోసం రెండో బ్యాటరీ బయల్దేరే ముందు వారమే బిగించారు: 100 ఏహెచ్ (ఆంపియర్-గంటలు) ఏజీఎం బ్యాటరీ, అంటే సీలు చేసిన ఒక రకం లెడ్ బ్యాటరీ, వోల్టేజిని బట్టి రెండు బ్యాటరీలనీ కలిపి విడదీసే స్విచ్ లాంటి ఒక రిలే, బండి ముందు నుంచి కారవాన్ దాకా వైరు. "మీరు నడుపుతూ ఉండండి సార్, అదే నిండుతుంది" అన్నాడు మెకానిక్. నమ్మాను.

మొదటి మకాం చెరువు ఒడ్డున, చెట్ల కింద. చల్లగా, నిశ్శబ్దంగా ఉంది, బాత్రూములు శుభ్రం. సోలార్ నమ్ముకున్నవాళ్ళు మాత్రం ఆ వైపు వెళ్ళకండి. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 5, 6 ఆంపియర్లు ఇస్తుంది. కొమ్మ నీడ ఒక మూల పడితే చాలు, ఒకటిన్నర కూడా రాదు. మా ఫ్రిజ్ ఒక్కటే రోజుకు 40 ఏహెచ్ దాకా తింటుంది. గంటకోసారి ప్యానెల్‌ని ఎండలోకి జరిపే పని మా బావమరిదికి అప్పగించాను. మధ్యాహ్నానికి వాడికి విసుగొచ్చింది. "బావా, నేను సెలవుకొచ్చానా, దీనికి కాపలాకొచ్చానా?"

పక్క కారవాన్ పెద్దాయన ఇదంతా చూసి మీటర్ పట్టుకొచ్చారు. ఇంజిన్ ఆన్ చేయించి బండి ముందున్న బ్యాటరీ దగ్గర పెడితే 14.2 వోల్టులు, కారవాన్ బ్యాటరీ దగ్గర 13.4. ముప్పావు వోల్టు పైగా దారిలోనే పోతోంది. ఏజీఎం నిండాలంటే దాని దగ్గరే 14.4 పైన ఉండాలట. వైరు కొస చెక్కి చూపించారు. "6 ఎం.ఎం. అని చెప్పాడా? అది పైతొడుగుతో కలిపి కొలత. లోపల రాగి నాలుగున్నర చదరపు మిల్లీమీటర్లే." పోనీలే, నెమ్మదిగానైనా నిండుతుంది కదా అనుకుంటుండగా టక్‌మని చప్పుడైంది. రిలే విడిపోయింది.

అసలు మోసం అక్కడుంది. ఇంజిన్ తిరిగేటప్పుడు కరెంటు పుట్టించేది ఆల్టర్నేటర్. మా బండిలో ఉన్నది స్మార్ట్ ఆల్టర్నేటర్. ముందున్న బ్యాటరీ నిండగానే ఇంధనం ఆదా కోసం వోల్టేజి తగ్గించేస్తుంది. మాది 12.6కి దిగింది. 12.8 కిందికి వస్తే రిలే విడిపోతుంది. అంటే ఆ ఐదు గంటల్లో వెనక బ్యాటరీకి కరెంటు వెళ్ళింది మొదటి పావుగంటే! హెడ్‌లైట్లు వేసుకుని నడిపితే కొన్ని బండ్లలో వోల్టేజి తగ్గదని పెద్దాయన చెప్పారు. మర్నాడు పట్టపగలు లైట్లతోనే వెళ్ళాం. ఎదురొచ్చిన ప్రతివాడూ మాకు సైగ చేశాడు. ఫలితం అంతంతమాత్రమే.

రెండో మకాంలో ప్లగ్ పాయింటు ఉంది. చుట్టూ రొద, పక్క టెంటువాళ్ళ గురకతో సహా. అయినా నాకది స్వర్గమే. 15 ఆంపియర్ల చార్జర్ పెడితే మూడు గంటల్లో చాలావరకు ఎక్కింది, చివరి ఇరవై శాతానికి తెల్లారింది. లెడ్ బ్యాటరీల తీరే అంత. రెండు గంటలు బండి నడిపి పూర్తిగా నింపేస్తామనుకోవడం భ్రమ. సగం కంటే కిందికి, అంటే కాసేపు వాడకుండా ఉంచి కొలిస్తే 12.1 వోల్టుల కంటే కిందికి, తరచూ దించితే ఆయుష్షు కూడా తగ్గుతుంది.

మిగతా మూడు రోజులూ హాయిగా గడిచాయి.

తిరిగొచ్చి మెకానిక్‌ని నిలదీస్తే, "అందరికీ ఇలాగే పెడతాను సార్, ఎవరూ అడగలేదు" అన్నాడు. వేరేచోట 25 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టించాను. ముందు నుంచి వచ్చే వోల్టేజి తగ్గినా వెనక బ్యాటరీకి కావలసినంత పెంచి ఇస్తుంది. దాన్ని కారవాన్ బ్యాటరీ పక్కనే బిగించమన్నాను, 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, రెండు బ్యాటరీల దగ్గరా ఫ్యూజులు. ఇగ్నిషన్ వైరు (బండి తాళం తిప్పితే కరెంటు వచ్చేది) కలపడం మాత్రం మరిచిపోనివ్వకండి. స్మార్ట్ ఆల్టర్నేటర్ బండిలో ఇంజిన్ తిరుగుతోందని చార్జర్‌కి తెలిసేది దానివల్లే. లిథియం బ్యాటరీ పెట్టాలనుకునేవాళ్ళు దానికి తగ్గ చార్జర్ తీసుకోండి. దాన్ని సున్నా డిగ్రీల కింద చార్జ్ చేయకూడదు కూడా.

పోయిన నెల మళ్ళీ అదే చెరువు ఒడ్డుకి, అవే చెట్ల కిందికి వెళ్ళాం. ఫ్రిజ్ నోరెత్తలేదు. పాత వైరు పారెయ్యలేదు లెండి, మా బావమరిది రెండు చెట్లకి కట్టి తువ్వాళ్ళు ఆరేశాడు.